చెరకు ట్రక్కు వెనుక ఎర్ర బిళ్ల

తోట్లవల్లూరు లంకల్లో కొట్టిన చెరకు ట్రాక్టరు ట్రక్కుల్లో కరకట్ట ఎక్కి ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీకి చేరుతుంది. క్రషింగ్ జరిగేది చలికాలంలో. చీకటికి తెల్లవారుజాము మంచు కూడా తోడవుతుంది.

ట్రాక్టరు కంపెనీలో తయారవుతుంది. వెనుక తగిలించే ట్రక్కుల్లో చాలావాటిని కట్టేది మాత్రం మన వెల్డింగు షెడ్లే. ఇరుసు, తలుపులు, రంగు అన్నీ కుదిరాక, ఆఖరున గుర్తొచ్చేవి లైట్లు. చట్టం మాత్రం ట్రక్కును కూడా వాహనంగానే చూస్తుంది. దానికీ సొంత రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు వెనుక ఎర్ర దీపాలతో ఆగకుండా ఎర్ర రిఫ్లెక్టర్లు కూడా ఉండాలన్నాయి.

దీపం ఉండగా ఈ రిఫ్లెక్టరు బిళ్ల ఎందుకు? ట్రక్కు దీపానికి కరెంటు ట్రాక్టరు నుంచి వైరు ద్వారా రావాలి. పొలం గట్ల మీద కుదుపులకు ఆ వైరు తెగుతుంది, బల్బు మాడుతుంది. రిఫ్లెక్టరుకు వైరూ అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు. వెనుక వచ్చే బండి హెడ్‌లైటే దానికి కరెంటు.

మామూలు అద్దం మీద ఏటవాలుగా పడ్డ వెలుతురు అవతలి పక్కకు పోతుంది. రిఫ్లెక్టరు బిళ్ల లోపల, ఒకదానికొకటి లంబంగా ఉన్న మూడేసి ముఖాలతో చిన్న చిన్న మూలలు వరుసలుగా ఉంటాయి. గది మూలకు కొట్టిన బంతి నేలకూ రెండు గోడలకూ తగిలి కొట్టినవాడి వైపే వచ్చినట్టు, వెలుతురు వచ్చిన దారినే తిరిగి వెళుతుంది. 1969లో అపోలో 11 వ్యోమగాములు చంద్రుడి మీద ఉంచిన 100 పట్టకాల పని కూడా ఇదే. భూమి నుంచి పంపిన లేజరు కాంతిని అవి నేటికీ వెనక్కి పంపుతున్నాయి.

ఇంగ్లండులోని హాలిఫాక్స్‌కు చెందిన పెర్సీ షా అనే రోడ్డు కాంట్రాక్టరు 1934లో, హెడ్‌లైటు వెలుతురును ఇలాగే తిప్పి పంపే, రోడ్డు మధ్యన పాతే గాజు కళ్లకు పేటెంటు తీసుకున్నాడు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అక్కడ వీధి దీపాలు ఆర్పేయడంతో వాటి విలువ దేశమంతటికీ తెలిసింది. షా గొప్పతనం గాజులో కంటే దాని చుట్టూ పెట్టిన రబ్బరులో ఉంది. చక్రం ఎక్కినప్పుడల్లా కన్ను కిందికి దిగి, రబ్బరు దాన్ని తుడిచేది. వెలుతురును తిప్పి పంపే వస్తువు మురికి పడితే పనికిరాదని అతనికి బాగా తెలుసు.

మన ట్రక్కు బిళ్లకు ఆ రబ్బరు లేదు. లంక బురద దాని మొహాన్ని కప్పేస్తుంది. బిళ్ల పగిలి లోపలికి నీరు చేరితే ఆ మూలల వెనుక ఉండాల్సిన గాలి పొర పోతుంది. వెలుతురు తిరగకుండా అవతలికి జారిపోతుంది. రీ-పెయింటింగులో దాని మీదుగా రంగు కొట్టినా, చెరకు గడలు వెనక్కి వేలాడి కమ్మేసినా ఫలితం ఒకటే. అప్పుడు బండికి బిళ్ల ఉన్నా లేనట్టే.

లోడు కట్టాక, కరకట్ట ఎక్కే ముందు, ఆ రెండు ఎర్ర బిళ్లలనూ తడిగుడ్డతో తుడవండి. వేలాడే గడలను పైకి కట్టండి. పగిలిన బిళ్ల ఉంటే ఆ పూటే మార్చండి.