కారుపై పెయింట్ తుంపర్లు పడ్డాయా? థిన్నర్ జోలికి వెళ్లకండి

పండుగకు ముందు ఇళ్లకు రంగులు వేయించడం మన గల్లీల్లో మామూలే. గేటుకో, కిటికీ గ్రిల్‌కో స్ప్రే గన్‌తో పెయింట్ కొడుతుంటే సన్నటి తుంపర్లు గాలికి ఎగిరి పక్కన పార్క్ చేసిన కార్ల మీద పడతాయి. చూడ్డానికి దుమ్ములా ఉంటుంది, కానీ కడిగితే పోదు. అప్పుడు చాలామంది చేసే పని, గుడ్డను థిన్నర్‌లో ముంచి తుడవడం. అసలు నష్టం అక్కడే మొదలవుతుంది.

థిన్నర్ ఎందుకు వద్దు?

కారు రంగు మీద క్లియర్ కోట్ అనే పారదర్శకమైన పొర ఉంటుంది. దాని మందం సాధారణంగా 40-50 మైక్రాన్లు, అంటే తల వెంట్రుక కంటే తక్కువే. తుంపర్లు ఈ పొర పైనే అతుక్కుని ఉంటాయి. కంపెనీ పెయింట్‌ను ఓవెన్‌లో కాల్చి గట్టిపరుస్తారు కాబట్టి కొంత తట్టుకుంటుంది. బయట షెడ్డులో మళ్లీ పెయింట్ వేసిన భాగమైతే థిన్నర్‌కు మెత్తబడి రంగే ఊడిరావచ్చు. సెకండ్ హ్యాండ్ కారు కొన్నవాళ్లకు ఏ డోర్‌కు, ఏ బానెట్‌కు టచప్ జరిగిందో చాలాసార్లు తెలియదు. క్యాబ్ నడిపేవాళ్లకైతే పెయింటింగ్ ఖర్చుతో పాటు బండి షెడ్డులో ఉన్నన్ని రోజుల సంపాదన కూడా పోతుంది.

ఎలా గుర్తించాలి?

కారు కడిగి ఆరనివ్వండి. చేతికి పల్చటి ప్లాస్టిక్ కవర్ తొడుక్కుని మెల్లగా నిమరండి. ఇసుక కాగితంలా గరగర తగిలితే తుంపర్లు అతుక్కున్నట్టే.

ఎలా తీయాలి?

1. బండిని నీడలో పెట్టి, బాడీ చల్లబడ్డాక కార్ షాంపూతో కడగండి. గోడలకు వేసే ఎమల్షన్ నీటితో కలిపేది. పడిన కొద్ది గంటల్లోనే కడిగితే చాలావరకు పోతుంది.

2. ఆరిపోయిన పెయింట్‌కు క్లే బార్ వాడాలి. కార్ యాక్సెసరీస్ షాపుల్లో, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. చిన్న ముక్కను చపాతీ ముద్దలా చదును చేయండి.

3. షాంపూ నీళ్లు బాగా చల్లి, ఒత్తకుండా నిలువుగానో అడ్డంగానో రుద్దండి. గుండ్రంగా తిప్పొద్దు. గరగర తగ్గి చెయ్యి సాఫీగా జారితే ఆ చోటు అయిపోయినట్టు.

4. క్లే మురికైతే మడిచి కొత్త వైపు వాడండి. కింద పడితే పారేయండి, దానికి అంటిన ఇసుక గీతలు పెడుతుంది.

5. చివర్లో మళ్లీ కడిగి, పాలిష్, వ్యాక్స్ పెట్టండి.

అద్దాల మీదున్న మచ్చలకు తడిపిన తర్వాత కొత్త బ్లేడును వాల్చి గీకవచ్చు. హెడ్‌లైట్లు ప్లాస్టిక్‌వి కాబట్టి వాటిపై బ్లేడు గానీ థిన్నర్ గానీ వాడొద్దు. మ్యాట్ ఫినిష్ బండికి క్లే పనికిరాదు. చుక్కలు దళసరిగా పడినా, బండి మొత్తం నిండినా డీటెయిలింగ్ వాళ్లకే చూపించండి.

ఖర్చు ఎవరిది?

ముందు ఫొటోలు, వీడియో తీసుకోండి. పని జరుగుతుండగానే ఇంటి ఓనర్‌తో, పెయింట్ కాంట్రాక్టర్‌తో మాట్లాడండి. రెండు వారాల తర్వాత అడిగితే ఎవరూ ఒప్పుకోరు.

మీ ఇంట్లోనే పని ఉంటే స్ప్రే కొట్టే ముందు రోజే పక్కింటివాళ్లకు చెప్పండి. బండి తీయలేనివాళ్లకు కవర్ కప్పించండి. గాలి ఎక్కువగా ఉన్నప్పుడు స్ప్రే ఆపి, బ్రష్‌తో వేయమని పెయింటర్‌కు చెప్పండి.