జోడు పోయిన ఎద్దు మేత మానితే బెంగేనని ఊరుకోవద్దు

ఒంగోలు: కాడెడ్లలో ఒకటి చనిపోతే రైతు ఇంట ఆ పూట పొయ్యి వెలగదు. ఇరుగుపొరుగు వచ్చి పరామర్శిస్తారు. పోయిన ఎద్దుకు పసుపు కుంకుమ పెట్టి సాగనంపుతారు. ఈ సందడిలో కొట్టంలో మిగిలిన రెండో ఎద్దు సంగతి ఎవరికీ పట్టదు. అది ఖాళీగా ఉన్న పక్క గాటి వైపు తిరిగి అరుస్తుంది. గడ్డి వాసన చూసి వదిలేస్తుంది. కుడితిలో మూతి పెట్టదు. “పాపం, బెంగ పెట్టుకుంది” అని చూసినవారంతా అంటారు.

బెంగ నిజమే కావచ్చు. మందలో బతికే జీవికి ఒంటరితనం పడదు. కాని ఆ మాట నమ్మి ఊరుకుంటే రెండో ఎద్దు కూడా దక్కకపోవచ్చు. రెండూ ఒకే తొట్టిలో తాగినవి, ఒకే వామి గడ్డి తిన్నవి. మొదటిదాన్ని పొట్టనబెట్టుకున్న జబ్బో, విషమో రెండోదాని ఒంట్లోనూ ఉండవచ్చు. కనుక మొదటి ఎద్దు ఎందుకు చచ్చిందో తేల్చుకోవడమే ముందు పని.

వానలు మొదలైతే గొంతువాపు భయం. గొంతు కింద వాచి, చొంగ కార్చి, గురక పెట్టి ఒక్క రోజులోనే పశువు పడిపోతుంది. ముక్కు, నోటి వెంట గడ్డకట్టని నల్లటి నెత్తురు వచ్చి హఠాత్తుగా చస్తే దొమ్మ అని అనుమానించాలి. అటువంటి కళేబరాన్ని కోయరాదు, తోలు ఒలవరాదు. ఈ జబ్బు మనుషులకూ సోకుతుంది. పశువైద్యునికి కబురు చేసి, ఆరడుగుల గోతిలో సున్నం చల్లి పూడ్చాలి. తోలుకు వచ్చే నాలుగు డబ్బుల కోసం ఆశపడితే ఊరికే ముప్పు. బెట్టకు వాడిన లేత జొన్న మేసినా, మందు కొట్టిన చేను గట్టున మేసినా చావు రావచ్చు. పాము కాటు అయితే కొట్టం మూలలు, గడ్డివామి వెతకాలి.

ఎద్దుకు బీమా ఉంటే పూడ్చకముందే కంపెనీకి తెలియజేయాలి, చెవి పోగు పోగొట్టుకోరాదు.

మిగిలిన ఎద్దుకు జ్వరం చూడాలి. చెవులు పట్టి చూసి చెప్పే వేడి లెక్కలోకి రాదు, థర్మామీటరు పెట్టించాలి. ఆరోగ్యంగా ఉన్న పశువు ఒంటి వేడి 101, 102 డిగ్రీల ఫారన్‌హీటు మధ్య ఉంటుంది. 104 దాటిందంటే అది బెంగ కాదు. రెండో గుర్తు నెమరు. ఎద్దు రోజుకు ఏడెనిమిది గంటలు నెమరు వేస్తుంది. అరుస్తూనే నెమరు వేస్తుంటే కొంత ధైర్యంగా ఉండవచ్చు. నెమరు ఆగితే తెల్లవారేదాకా చూడకుండా ఆసుపత్రికి గాని, 1962 నంబరుకు గాని చెప్పాలి.

కారణం తేలేవరకు దాన్ని తక్కిన గొడ్లతో కలపకూడదు. అయితే ఎవరూ కనపడని మూలన కట్టేయడం కూడా తప్పే. అవతల ఆవో, గేదెో కంటికి కనిపించేంత దూరంలో కట్టి, తొట్టి వేరుగా పెట్టాలి. పాత గాటి శుభ్రం చేసి సున్నం కొట్టాలి. నీళ్లు, మేత, అలవాటైన మనిషి, అలవాటైన వేళ మారకూడదు. పొద్దున కాసేపు పొలం దాకా నడిపించి తేవాలి.

ఇక్కడ ఆడవాళ్ల జాలి ఒక్కోసారి ప్రమాదం తెస్తుంది. గడ్డి ముట్టలేదని గంపెడు ఉలవలో, అన్నమో పెడతారు. ఖాళీ కడుపున పిండి మేత అంత పడితే అరగక, కడుపు ఉబ్బి ఎద్దు చచ్చినా చస్తుంది. పచ్చగడ్డి, ఎండుగడ్డి కొద్దికొద్దిగా పెట్టడమే మేలు.

తర్వాతి కష్టం సంతలో. ఒంటెద్దని తెలిస్తే బేరగాడు ధర సగానికి దించుతాడు. అదను ముంచుకొస్తోందని ఏదో ఒకదాన్ని జత కొనే రైతూ నష్టపోతాడు. పైగా ఎడ్లు దొరకడమే గగనమైంది. దేశంలో 2012లో 6.79 కోట్లున్న గోజాతి మగ పశువులు 2019 పశుగణన నాటికి 4.74 కోట్లకు తగ్గాయి. మంచి ఒంగోలు జత మాట చెప్పనక్కరలేదు.

కొనేటప్పుడు పళ్లు, మూపురం ఎత్తు, నడక సరిచూడటం అందరికీ తెలిసిందే. మిగిలింది దాపటి ఎద్దయితే వలపట నడిచినదాన్నే వెతకాలి. గొంతువాపు, జబ్బవాపు, గాలికుంటు టీకాలు వేయించి మూడు, నాలుగు వారాలు వేరుగా ఉంచాలి. ఆపైన పక్కపక్కన కట్టి మేపాలి. కుమ్ములాట తగ్గాక వట్టి కాడి వేసి నడిపించి, పిమ్మట ఖాళీ బండి, చివరకు అరక కట్టాలి. ఎత్తు సరిపడక కాడి ఒకవైపు వాలితే మెడ పుండు పడుతుంది, రోజూ తడిమి చూడాలి.

ఏరువాక లోపు జత కుదరకపోతే, ఊళ్లో మరో ఒంటెద్దు రైతుతో కలిసి చెరొక రోజు దున్నుకోవచ్చు. ఆ ఎద్దుకూ టీకాలు వేశారో లేదో అడిగి కాడి కలపాలి.