సౌరాన్ పుట్టుకతో దుర్మార్గుడు కాడు

టోల్కీన్ ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ (1954–55) గురించి చాలామంది తేలిగ్గా అనేసే మాటలు కొన్నున్నాయి. ఆ పుస్తకమంటే ప్రాణం పెట్టే నాకు అవి వింటే బాధేస్తుంది.

అపోహ: అందులో మంచివాళ్లంతా మంచివాళ్లే, చెడ్డవాళ్లంతా చెడ్డవాళ్లే.

వాస్తవం: మొదట్లో ఎవరూ చెడ్డవాళ్లు కారని, ఆఖరికి కథలోని ప్రధాన శత్రువు సౌరాన్ కూడా కాడని ఎల్ఫుల పెద్ద ఎల్‌రాండ్ నిండు సభలో చెబుతాడు. సౌరాన్ చేసిన మాయ ఉంగరం మంచి కోరికను కూడా పట్టుకుని లాగుతుంది. యోధుడు బొరొమిర్‌కు కావలసింది తన నగరం మినాస్ తిరిత్ నిలబడటం. ఆ ఆరాటంతోనే ఉంగరాన్ని మోస్తున్న ఫ్రోడో మీదికి ఎగబడతాడు. మాంత్రికుడు గాండాల్ఫ్ అయితే, ఫ్రోడో తనంతట తానే ఇస్తానన్నా ఉంగరం పుచ్చుకోడు. బలహీనుల మీద జాలి, మేలు చేయడానికి బలం కావాలన్న కోరిక, ఈ దారిలోనే అది తనను లొంగదీస్తుందని ఆయనకు తెలుసు. అంత మహిమ గలవాడు భయపడింది తన దయకే! నా దృష్టిలో పుస్తకానికి గుండెకాయ ఈ ఘట్టమే.

అపోహ: ఫ్రోడో ఉంగరాన్ని అగ్నిపర్వతంలో పడేసి చెడును జయించాడు.

వాస్తవం: పడేయలేదు. అంచుదాకా వెళ్లి, ఇది నాదేనంటూ వేలికి పెట్టుకున్నాడు. ఒకప్పుడు ఆ ఉంగరాన్ని పోగొట్టుకున్న గాలమ్ మీదపడి ఆ వేలు కొరికేసి, ఉంగరం దక్కిన సంబరంలో కాలు తప్పి అగ్నిగుండంలో పడ్డాడు. ఆ గాలమ్ అప్పటిదాకా బతికున్నాడంటే, ఎన్నో ఏళ్ల కిందట చీకటి గుహలో చేతిలో కత్తి ఉండి కూడా ఫ్రోడో బంధువు బిల్బో జాలిపడి వదిలేశాడు గనుక. తర్వాత ఫ్రోడో, చిట్టచివర అతని తోడు శామ్ కూడా వదిలేశారు. ఆ స్థితిలో ఎవరూ తట్టుకోలేరని, ఫ్రోడోను తప్పుపట్టలేమని టోల్కీన్ ఉత్తరాల్లో వివరించాడు.

అపోహ: సౌరాన్ అంటే గోపురం మీద మండే కన్ను.

వాస్తవం: అది సినిమా రూపం. పుస్తకంలో అతనికి ఒళ్లుంది. అతని నల్లచేతికి నాలుగు వేళ్లేనని, అతని చెరలో హింసలు పడ్డ గాలమే చెబుతాడు.

అపోహ: ఉంగరం అణుబాంబు, కథంతా రెండో ప్రపంచయుద్ధం.

వాస్తవం: టోల్కీన్ 1916లో, మొదటి ప్రపంచయుద్ధంలో, సోమ్ యుద్ధభూమిలో ఉన్నాడు, 1918 నాటికి ఆప్తమిత్రుల్లో ఒక్కరు తప్ప అందరూ పోయారు. యుద్ధం అతనికి బాగా తెలుసు. అయినా రెండో కూర్పు ముందుమాటలో ఈ పోలికను కొట్టిపారేశాడు. ఇది రెండో ప్రపంచయుద్ధం కథే అయితే ఉంగరాన్ని నాశనం చేసేవాళ్లు కారు, చేజిక్కించుకుని సౌరాన్ మీదే ప్రయోగించేవాళ్లు అన్నాడు.