నడక బూట్లు తేలిగ్గా ఎందుకుండాలి? ఎలా ఎంచుకోవాలి?

కొండలెక్కడానికి తయారైన హైకింగ్ బూట్లను ఇప్పుడు అమ్మాయిలు కాలేజీకీ, బజారుకీ కూడా వేసుకుంటున్నారు. మరి మంచి జతను గుర్తుపట్టడమెలా?

బరువు ఎందుకు తగ్గాలి?
అడుగడుగునా కాలిని పైకెత్తాలి, ముందుకు ఊపాలి, మళ్లీ ఆపాలి. అందుకే వీపున మోసే బరువుకన్నా, అంతే బరువు పాదాలకు ఉంటే ఎన్నో రెట్లు శక్తి ఖర్చవుతుంది.

ఎలా తగ్గిస్తారు?
పాదం కింద ఈవీఏ అనే నురుగు పొర పెడతారు. దాన్నిండా సన్నటి గాలి బుడగలే, అందుకే అది తేలిక. ఆ బుడగలే అదురునూ మింగేస్తాయి. పైన తోలుకు బదులు నైలాన్ జాలీ వాడతారు. మన ఎండల్లో చెమట ఆరడానికి అదే మేలు.

అడుగున గాడులెందుకు?
1935లో ఆల్ప్స్ పర్వతాల్లో ఆరుగురు మిత్రులను కోల్పోయిన ఇటలీవాసి విటాలె బ్రమానీ, పట్టు జారని రబ్బరు అడుగు కోసం పట్టుబట్టాడు. 1937లో సాధించాడు. లోతైన గాడులు బురదను పక్కకు నెట్టి నేలను పట్టుకుంటాయి.

ఆడవాళ్లకు వేరేగా ఎందుకు?
సాధారణంగా వాళ్ల పాదం ముందుభాగంతో పోలిస్తే మడమ సన్నగా ఉంటుంది. మడమ జారితే బొబ్బలొస్తాయి. మీ పాదం వెడల్పయితే మగవాళ్ల జత కూడా నిస్సంకోచంగా తొడిగి చూడండి.

ఎలా కొనాలి?
సాయంత్రం వెళ్లండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బుతాయి. రోజూ వేసుకునే సాక్సులతోనే తొడగండి. వేళ్ల ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. బూటును వంచితే వేళ్ల దగ్గర వంగాలి, నడుమ మడతపడకూడదు. అందంకన్నా ముందు మీ పాదం మాట వినండి.