పేరొకరిది, పనితన మొకరిది

ఐశ్వర్యమును కొలిచి చూపుటకు మనవారి నోట నానుచుండు పేర్లు కొన్ని గలవు. కుబేరుడు పురాణకాలమువాడు, టాటా బిర్లాలు నిన్న మొన్నటివారు, ఎన్నడును ఆ బండి తలుపైన తాకి యెరుగనివారు సైతము అలవోకగా వాడుచుండు మూడవ పేరు రోల్స్‌రాయిస్. వినినంతనే రాజులు, నవాబులు, సినిమా తారలు మనకు స్ఫురింతురు. అయితే ఆ జంటపేరులో రెండవ భాగమునకు కర్తయైన మనుష్యుడు పదేండ్లు నిండకమునుపే తండ్రిని గోల్పోయి, లండను వీధులలో వార్తాపత్రిక లమ్మియు, ఇంటింటికి తంతివార్తలు మోసియు పొట్టపోసికొన్నవాడు. బండిని చేసినవా డితడు. పేరులో ముందు నిలిచినవాడు మాత్రము ప్రభువుల బిడ్డ. ఈ సంస్థ చరిత్రమంతయు పేరునకును పనితనమునకును నడుమ సాగిన విచిత్రమైన బేరముగనే నాకు తోచుచుండును.

హెన్రీ రాయిస్ 1863లో ఇంగ్లండున పీటర్‌బరో పట్టణమునకు సమీపమునగల ఆల్వాల్టన్ గ్రామమున, పిండిమర నడపుకొను ఒక గృహస్థునకు ఐదుగురు బిడ్డలలో కడపటివాడుగా జన్మించెను. మర నష్టపడగా కుటుంబము లండను చేరెను. 1872లో తండ్రి కాలముచేసెను. రాయిస్ బడిలో గడపిన కాలము స్వల్పము. బంధువురా లొకతె జాలిగొని ఏటికి 20 పౌండ్లు చెల్లించుటకు ఒప్పుకొనగా, గ్రేట్ నార్తరన్ రైల్వే కర్మశాలలో పని నేర్చుకొనుటకు చేరెను గాని, మూడేండ్లకే ఆమె చేతిలోని సొమ్ము అడుగంటి, ఆ చదువును అర్ధాంతరముగా ఆగిపోయెను. పిమ్మట పనిముట్ల కార్ఖానాలోను, విద్యుద్దీపముల కంపెనీలోను కూలికి పనిచేసి, 1884లో ఎర్నెస్ట్ క్లేర్‌మాంట్ అను మిత్రునితో కలసి మాంచెస్టరు నగరమున కుక్ వీధిలో స్వంతముగా ఒక చిన్న కార్ఖానా పెట్టెను. పెట్టుబడిలో రాయిస్ వంతు 20 పౌండ్లు. మిత్రుని వంతు 50. తలుపులకు బిగించు విద్యుత్ గంటలతో ఆరంభమైన ఆ వ్యాపారము డైనమోలకును, బరువులెత్తు విద్యుత్ క్రేనులకును విస్తరించి, మంచి పేరు తెచ్చుకొనెను.

ఇరువదవ శతాబ్ది తొలియేండ్లలో విదేశముల నుండి చవుక సరుకు వచ్చిపడుటచే క్రేనుల బేరము మందగించెను. చౌకగా చేసి వారితో పోటీపడుమని హితులు చెప్పియుందురు. రాయిస్ కది చేతగాని పని. ఆ రోజులలోనే ఆయన ఒక పాత ఫ్రెంచి కారును కొనెను. రెండు సిలిండర్ల డెకోవిల్ అను ఆ బండి ఆనాటి కార్లలో నాసిరకమేమియు గాదు. అయినను దాని చప్పుడు, అదురు, సమయమునకు అందని విద్యుత్ రవ్వ, పదేపదే కాగిపోవు ఇంజను ఈయనకు సహింపరానివయ్యెను. ఇంకొకడైనచో అమ్మినవానిని తిట్టి ఊరకుండును. రాయిస్ దానిని ఊడదీసి, ఒక్కొక్క భాగమే చేతబట్టి ఎక్కడ ఏ లోపమున్నదో పరిశీలించి, తుదకు దీనికన్న మేలైనదానిని తానే చేయనెంచెను. 1904 ఏప్రిల్ 1న, పది అశ్వశక్తులుగల ఆయన తొలి కారు కుక్ వీధి కార్ఖానా నుండి బయలుదేరి నట్స్‌ఫర్డులోని ఆయన యింటికి చేరెను. గమనింపవలసినదేమన, ఇందులో అపూర్వమని చెప్పదగిన కల్పన ఒక్కటియు లేదు. అన్యులు కనిపెట్టినదానినే తీసికొని, దాని తప్పులు దిద్దుటలో ఆయన ప్రతిభ యున్నది. కొత్తది కల్పించినవానికి లోకము దండలు వేయును. తప్పులు దిద్దినవానికి వేయుట అరుదు. అందుచేతనే కాబోలు రాయిస్ జీవితాంతము తాను మెకానిక్కు ననియే చెప్పుకొనెడివాడు.

ఇక ఛార్లెస్ స్టూవర్ట్ రోల్స్. ఇతడు లాంగటాక్ ప్రభువు కుమారుడు, కేంబ్రిడ్జిలో యంత్రశాస్త్రము చదివినవాడు, విద్యార్థిదశయందే 1896లో ఫ్రాన్సు నుండి కారు తెప్పించుకొన్న సాహసి. కార్ల పందెములు, బెలూన్ల విహారములు ఇతనికి ప్రాణము. లండనులో విదేశపు కార్లమ్ము దుకాణము నడపుచుండెనే గాని, అమ్మదగిన స్వదేశపు కారు లేదే యను కొరత మాత్రము తీరకుండెను. ఉభయులను ఎరిగిన హెన్రీ ఎడ్మండ్స్ అను పెద్దమనిషి మధ్యవర్తియై, 1904 మే 4న మాంచెస్టరులోని మిడ్‌లాండ్ హోటలున వీరిద్దరిని కలిపెను. రెండు సిలిండర్ల బండియనగా రోల్స్‌కు మొదట చులకన. ఎక్కి కొంతదూరము పోయినపిమ్మట ఆ చులకన మటుమాయమయ్యెను. రాయిస్ చేసిన ప్రతి కారును రోల్స్ అమ్మునట్లును, అవి రోల్స్‌రాయిస్ అను పేరనే వెలువడునట్లును ఆ యేటి డిసెంబరులో ఒడంబడిక కుదిరెను. 1906 మార్చిలో కంపెనీ రిజిస్టరయ్యెను. అమ్మకపువాని పేరు ముందు, చేసినవాని పేరు వెనుక! మూడవవా డొకడు గలడు: రోల్స్ భాగస్వామియైన క్లాడ్ జాన్సన్. ఇంగ్లీషున ఆ రెండు పేళ్ళ నడుమ వ్రాయు చిన్న గీత తానేనని చమత్కరించెడివాడు. లోకమునకు ఆ బండిని చాటి చెప్పిన ఘనత నిజమునకు ఇతనిదే.

జాన్సన్ చాటింపునకు కొలతలేదు. 1907లో ఆరు సిలిండర్ల, ఏడు లీటర్ల కొత్త చాసిస్ ఒకదానికి వెండి వన్నె పూయించి, బిగింపు సామానునకు వెండి మలామా చేయించి, చప్పుడులేక సాగునది గనుక దానికి సిల్వర్ ఘోస్ట్, అనగా వెండి దయ్యమని పేరు పెట్టెను. రాయల్ ఆటోమొబైల్ క్లబ్బు పరిశీలకులను బండిలో కూర్చుండబెట్టుకొని, లండను గ్లాస్గోల నడుమ, ఆదివారములు మినహా, రేయింబవళ్లు దానిని నడిపించిరి. 629 మైళ్ళ వద్ద పెట్రోలు కుళాయి కుదుపునకు తనంతట మూసికొనిపోగా బండి ఒకమారు ఆగెను. తిరిగి తెరచి బయలుదేరిన పిమ్మట 14,371 మైళ్ళు తనంతట ఆగుట యెరుగదు. నాలుగు క్రోసులకు ఒకమారు కారు దిగి బోనెట్టు ఎత్తుట ఆచారముగానున్న ఆ దినములలో ఇది నమ్మశక్యముగాని వార్త. ప్రయాణానంతరము బండి నంతటిని విప్పి, అరిగిన భాగములను మార్చి మరల కొత్తదిగా చేయుటకైన వెచ్చము రెండు పౌండ్ల చిల్లర మాత్రమే. నా అభిప్రాయమున ఈ కారునకు కీర్తి తెచ్చినది మఖమలు దిండ్లు గావు; దారిలో దింపివేయదను ఆ నమ్మకము.

మఖమలు మాట వచ్చినది గనుక చెప్పవలెను: ఆ కాలమున కంపెనీ కొనుగోలుదారునకు పూర్తి కారు నమ్మెడిది కాదు. ఇంజను, గేర్లు, చక్రములు, ముందువైపు గ్రీకు దేవాలయ ముఖమును బోలు రేడియేటరు, వీనితో కూడిన చాసిస్ మాత్రమే యిచ్చెడిది. బంగారము కొనుక్కొని నగ కంసాలిచేత చేయించుకొన్నట్లు, పైకట్టడమును బార్కర్, హూపర్ వంటి బండ్ల కంపెనీలకు అప్పగించి, ఎవరికి నచ్చినరీతిని వారు చేయించుకొనెడివారు. మన సంస్థానాధీశుల వైభవమునకు ఇంతకన్న అనువైన పద్ధతి వేరొకటి గలదా? హైదరాబాదు ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఒక సిల్వర్ ఘోస్టును ఆర్డరు చేయించి, అది చేతికందక మునుపే 1911 ఆగస్టులో మరణించెను; బండి ఆయన కుమారుడు ఉస్మాన్ అలీఖానునకు దక్కెను. బార్కర్ వారు కట్టిన ఆ పసుపువన్నె బండిలో వెనుకవైపు ఎత్తుగా అమర్చిన ఆసనమును చూచి సింహాసనపు కారని దానికి పేరు వచ్చెను. నేటికిని హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదమున అద్దముల వెనుక దానిని చూడవచ్చును.

రాజుల ప్రస్తావనలో కట్టుకథ యొకటి తప్పక తగులును: లండను దుకాణములో అవమానము పొందిన అల్వారు మహారాజు, పగబట్టి రోల్స్‌రాయిస్ కార్లను కొని వానికి చీపురులు కట్టించి వీధులు ఊడ్పించెనట. ఇదే కథను మన హైదరాబాదువారు నిజాము పేర చెప్పుదురు. పటియాలావారు తమ రాజు పేర చెప్పుదురు. ఒకే సంఘటన ముగ్గురు రాజులకు జరిగినదని విన్నపుడు చరిత్రకారుడు కలము క్రిందపెట్టుటే మేలు. స్వాభిమానమునకు ఊరట గనుక మనము దానిని వదలుకొనజాలకున్నాము. రాయిస్ మరణమునకు దుఃఖసూచకముగా కంపెనీ ముద్రలోని ఎర్రని అక్షరములు నల్లనైనవనుటయు ఇట్టిదే. కారు రంగుతో ఎరుపు పొసగుటలేదను సాదా కారణముచే ఆ మార్పు జరిగెను.

రేడియేటరుపై రెక్కలు చాచి ముందుకు వంగియుండు స్త్రీమూర్తి మాత్రము కట్టుకథ గాదు. కొందరు తమకు తోచిన హాస్యపు బొమ్మలను రేడియేటరు కొనపై తగిలించుట జాన్సనునకు రోతగొల్పగా, ఛార్లెస్ సైక్స్ అను శిల్పిచేత 1911లో ఆ మూర్తిని చేయించెను. మాంటగూ ప్రభువు కార్యదర్శిని ఎలినార్ థార్న్‌టన్ దానికి నమూనాయని ప్రతీతి. 1915 డిసెంబరులో ప్రభువుతో భారతదేశమునకు పయనమైన ఆమె, పర్షియా అను ఓడను జర్మను జలాంతర్గామి మధ్యధరా సముద్రమున ముంచివేయగా ప్రాణములు గోల్పోయెను, ప్రభువు బ్రతికెను.

అప్పటికి రోల్స్ లేడు. కార్లకన్న విమానములపై మనసు మరలి, 1910 జూనులో ఇంగ్లీషు ఛానలును నడుమ ఆగక పోయి రావడమను ఘనకార్యము సాధించినవాడు, మరుసటి నెలలోనే బోర్న్‌మత్ ప్రదర్శనమున తన రైటు విమానము తోక విరిగి కూలగా, 32 ఏండ్ల ప్రాయమున మరణించెను. అమ్మకపువాడు పోయినను ఆ పేరు ముందే నిలిచెను. ఇటు రాయిస్ తిండి నిద్రలు మరచి పనిచేయుటచే 1911లో తీవ్రముగా జబ్బుపడెను. వైద్యులు డెర్బీ పట్టణములోని కంపెనీ కర్మాగారపు గాలి సోకరాదనిరి. అది మొదలుకొని శీతకాలమున ఫ్రాన్సు దక్షిణతీరమున లె కనడెల్ గ్రామమందును, వేసవిని ఇంగ్లండు దక్షిణతీరమునను ఉండి, కొలదిమంది చిత్రలేఖకులను వెంటబెట్టుకొని యంత్రభాగముల పటములను గీయించి కర్మాగారమునకు పంపుచుండెను. రెండు దశాబ్దములపాటు దూరముననుండియే ఒక మహాసంస్థ సృష్టికర్తగా నిలుచుట యంత్రశాస్త్ర చరిత్రలో అరుదైన విషయము. 1933 ఏప్రిల్‌లో మరణించువరకు ఆయన చేతిలో పెన్సిలు ఆగలేదు.

మొదటి ప్రపంచయుద్ధమున ప్రభుత్వము కోరగా కంపెనీ విమాన ఇంజనుల పనిలో దిగెను. 1919లో ఆల్కాక్, బ్రౌన్ అనువారు ఎచ్చటను దిగక అట్లాంటికును దాటిన విమానమునకు గట్టిన రెండు ఇంజనులు రోల్స్‌రాయిస్ వారి ఈగిల్ జాతివి. రెండవ యుద్ధమున స్పిట్‌ఫైర్ విమానముల గుండె ఆ కంపెనీ వారి మెర్లిన్ ఇంజను. ఇట్లు ఆకాశము పెద్దకొడుకై, కారు చిన్నకొడుకయ్యెను. ఆ పెద్దకొడుకే కొంప ముంచెను. లాక్‌హీడ్ వారి ట్రైస్టార్ విమానమునకు ఆర్‌బీ 211 అను జెట్ ఇంజనును చేసియిచ్చెదమని నిర్ణీతధరకు ఒప్పుకొని, ఖర్చు చేయిదాటిపోగా, 1971 ఫిబ్రవరి 4న ఇంగ్లండుకే గర్వకారణమైన ఆ కంపెనీ దివాలా తీసెను. ప్రైవేటు వ్యాపారమే పరమార్థమని చెప్పు ఎడ్వర్డ్ హీత్ ప్రభుత్వము తానే దానిని జాతీయము చేయవలసివచ్చెను. కార్ల విభాగము 1973లో వేరుపడి, 1980లో వికర్స్ కంపెనీ చేతికి పోయెను.

1998లో వికర్స్ కార్ల విభాగమును అమ్మకమునకు పెట్టగా జర్మనీలోని ఫోక్స్‌వాగన్, బి.ఎం.డబ్ల్యూ. కంపెనీలు పాటకు దిగెను. ఫోక్స్‌వాగన్ 430 మిలియన్ పౌండ్లకు క్రూ పట్టణపు కర్మాగారమును, 1931లో కంపెనీ కొనుక్కొన్న బెంట్లీ పేరును, రేడియేటరు రూపమును, రెక్కల బొమ్మను దక్కించుకొనెను. అన్నియు కొని, ఒకదానిని మరచెను. రోల్స్‌రాయిస్ అను పేరును కార్లకు వాడు హక్కు విమాన ఇంజనుల కంపెనీ చేతిలోనే యున్నది. ఆ కంపెనీ దానిని బి.ఎం.డబ్ల్యూ.కు 40 మిలియన్ పౌండ్లకు ఇచ్చివేసెను. వేలాదిమంది పనివారి నైపుణ్యము, యంత్రములు, భవనము ఒకచోటను, నోటితో పలుకు రెండు మాటలు వేరొకచోటను! ఈ చిక్కుముడిని ఇరువురు జర్మనులును రాజీతో విప్పుకొనిరి: 2002 చివరివరకు ఫోక్స్‌వాగన్ రోల్స్‌రాయిస్ చేయవలెను, ఆపిమ్మట ఆ పేరు, రూపము, బొమ్మ బి.ఎం.డబ్ల్యూ.కు చెందవలెను, బెంట్లీ ఫోక్స్‌వాగనుకు మిగులవలెను.

అందుచే 2003 జనవరి నుండి వెలువడుచున్న రోల్స్‌రాయిస్ కారునకు క్రూ కర్మాగారముతో సంబంధము లేదు. గుడ్‌వుడ్ అను చోట క్రొత్తగా కట్టిన కర్మాగారము దాని పుట్టినిల్లు. రాయిస్ కడపటి యేండ్లు గడపిన వెస్ట్ విటరింగ్ గ్రామము అచ్చటికి కొలదిమైళ్ళ దూరము. పనితన మెంతవరకు తరలివచ్చినదని అడుగువారికి చిన్న దృష్టాంతము చాలును. కారు ప్రక్కల పొడవునా సాగు సన్నని రంగుగీతను యంత్రము గీయదు. ఉడుత వెండ్రుకల కుంచెను చేతబూని మనుష్యుడు గీయును. చేయి వణకక పలు అడుగుల దూరము ఒకే వెడల్పున పోవలెను. చక్రముల నడుమనుండు జంట ఆర్ అక్షరములు చక్రము తిరుగుచున్నను తలక్రిందులు గాక నిలుచునట్లు అమర్చిన బరువును చూచినపుడు మాత్రము ఇది అవసరమా యని సందేహము కలుగును. అవసరముతో పనిలేనివారికే గదా ఈ బండి! 2022లో లోకమంతట అమ్ముడుపోయినవి 6,021. సంస్థ చరిత్రలో ఆరువేలు దాటుట అదే మొదలు. మరుసటి సంవత్సరము నుండి స్పెక్టర్ అను విద్యుత్ కారును గూడ కొనువారి కందించుచున్నారు. విద్యుత్ గంటలతో వ్యాపారము మొదలిడిన రాయిస్ కది పరాయి విద్య గాదు.

ఇచ్చట పాఠకులకు ఒక పొరపాటు కలుగకుండ చెప్పవలసియున్నది. నేడు రోల్స్‌రాయిస్ పేరుగల కంపెనీలు రెండు. ఒకటి గుడ్‌వుడ్‌లో కార్లు చేయు బి.ఎం.డబ్ల్యూ.వారిది, రెండవది డెర్బీలో విమాన ఇంజనులు చేయు స్వతంత్ర సంస్థ. ఒకదాని లాభనష్టములతో వేరొకదానికి ప్రమేయము లేదు. ఎయిర్ ఇండియా నడపు ఎయిర్‌బస్ ఏ350 విమానముల రెక్కల క్రింద తిరుగుచుండునవి ఈ డెర్బీవారి ట్రెంట్ ఇంజనులే గనుక, దూరదేశమునకు టికెట్టు కొన్న మన పల్లెటూరి తల్లిదండ్రులు గూడ, కోట్ల ఖరీదుచేయు ఆ కారును కంటచూడకున్నను, కిటికీ ప్రక్కన కూర్చుండి ఆ జంట అక్షరములను చదువుకొనుచు సముద్రములు దాటుచున్నారు.