హెలికాప్టర్ నుంచి జింకల లెక్క: ఎలా తీస్తారు, రైతుకు ఏం ఉపయోగం?

పంటను జింకలు మేసినప్పుడు ముందు తేలాల్సింది అవి ఎన్ని ఉన్నాయన్నదే. లెక్క తప్పితే నివారణ చర్యలూ తప్పుతాయి.

మన దుప్పి (చుక్కల జింక) ఇందుకు మంచి ఉదాహరణ. ఆస్ట్రేలియాలోని ఉత్తర క్వీన్స్‌లాండ్‌లో 1886లో కొద్ది దుప్పులను వదిలారు. అవి పెరిగి మందలయ్యాయి, పశువుల గడ్డికి పోటీ వచ్చాయి. అక్కడ వాటిని హెలికాప్టర్ నుంచి లెక్కిస్తున్నారు.

లెక్కించే విధానం

1. ప్రాంతమంతా తిరగరు. ముందుగా గీసుకున్న సమాంతర గీతల వెంట తక్కువ ఎత్తులో ఎగురుతారు.

2. గీతకు అటూ ఇటూ 100 మీటర్ల చొప్పున, 10 కిలోమీటర్ల దూరం చూస్తే 2 చదరపు కిలోమీటర్లు చూసినట్టు. అందులో 12 జింకలు కనిపిస్తే చదరపు కిలోమీటరుకు 6.

3. జింకలు మేతకు బయటికి వచ్చే ఉదయం, సాయంత్రం వేళలు అనుకూలం.

కనిపించనివాటి సంగతి?

చెట్ల కింద ఉన్నవి, దూరంగా ఉన్నవి కంటికి చిక్కవు. అందుకే ఒకే వైపు ఇద్దరు కూర్చుని, ఒకరికొకరు చెప్పుకోకుండా లెక్క రాస్తారు. ఉదాహరణకు మొదటివారికి 20 మందలు, రెండోవారికి 15 కనిపించాయి, ఇద్దరికీ కనిపించినవి 10 అనుకుందాం. 20ని 15తో గుణించి 10తో భాగిస్తే 30 వస్తుంది. ఇద్దరూ కలిసి చూసినవి 25 కాబట్టి మరో 5 తప్పిపోయాయని అంచనా. దట్టమైన చెట్ల కింద ఇద్దరికీ కనిపించే వీలే లేనివి ఈ లెక్కలోకి రావు. శరీర వేడిని పట్టే థర్మల్ కెమెరా చల్లని వేళల్లో బాగా పనిచేస్తుంది, కానీ దానికీ ఆకుల గుబురు అడ్డమే.

ఒక్కసారి లెక్క కంటే, ఏటా అదే కాలంలో అదే పద్ధతిలో తీసిన లెక్కే సంఖ్య పెరిగిందో తగ్గిందో చెబుతుంది.

రైతులు చేయాల్సినవి

• జింకలు కనిపించిన తేదీ, వేళ, సర్వే నంబరు, సంఖ్య నోటుపుస్తకంలో రాయండి.
• ఒకే మందను పక్క రైతు కూడా లెక్కేసి ఉండొచ్చు. ఇద్దరూ వేళలు సరిచూసుకోండి.
• పంట నష్టాన్ని ఫొటో తీసి, ఈ వివరాలతో అటవీ, వ్యవసాయ అధికారులకు వెంటనే తెలియజేయండి.
• దుప్పులు, కృష్ణజింకలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్నాయి. పొలం చుట్టూ కరెంటు తీగలు పెట్టకండి. అది నేరం, మనుషుల ప్రాణాలకూ ముప్పు.