కొండెక్కి దిగేవాళ్ల నడుము కొలవడం ఎందుకు?

అరకు లోయ ఊళ్లలో టేపు అనగానే గుర్తొచ్చేది పసిపిల్లల దండచేయి కొలత. ఆర్నెల్లు దాటి అయిదేళ్లలోపు ఉన్న బిడ్డకు అది 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువుంటే తీవ్ర పోషకాహార లోపమే. బక్కతనాన్ని కొలవడం ఇక్కడ పాత అలవాటు. ముప్పై దాటిన పెద్దవాళ్ల కోసం ఆశా కార్యకర్త నింపే కాగితంలో నడుము కొలత కూడా ఉంటుంది. కావిళ్లు మోసేవాళ్లకు ఊబకాయమేమిటని ఎవరికైనా అనిపిస్తుంది.

మామూలుగా చూసేది బీఎంఐ. కిలోల బరువును మీటర్ల ఎత్తుతో రెండుసార్లు భాగించాలి. 150 సెంటీమీటర్ల ఎత్తు, 54 కిలోల బరువు అనుకోండి: 54ని 1.5తో భాగిస్తే 36, మళ్లీ భాగిస్తే 24. ప్రపంచ ఆరోగ్య సంస్థ మామూలు లెక్కలో ఇది సరైన బరువే, ఎందుకంటే హద్దు 25. మన దేశపు వైద్యులు 2009లో ఒప్పుకున్న లెక్కలో 23 నుంచే అధిక బరువు, 25 నుంచి ఊబకాయం. మనిషి ఒకరే, తీర్పులు రెండు!

ఎందుకలా? ఈ సూత్రాన్ని పందొమ్మిదో శతాబ్దంలో కట్టిన బెల్జియం పండితుడు క్వెట్‌లే వైద్యుడే కాదు. ఆయన వెతికింది ‘సగటు మనిషి’ని. బీఎంఐ అన్న పేరు 1972లో ఏన్సెల్ కీస్ పెట్టింది. 2004లో లాన్సెట్ పత్రికలో పుణె వైద్యుడు యాజ్ఞిక్, లండన్ వైద్యుడు యుడ్కిన్ కలిసి దిగిన ఫొటో వచ్చింది. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2. మూటలు మోసి కట్టిన కండకూ, పొట్టలో చేరిన కొవ్వుకూ తూకం యంత్రానికి తేడా తెలియదు మరి.

ఆ పొట్ట కొవ్వుతోనే చిక్కు. కాలేయం చుట్టూ, పేగుల చుట్టూ పేరుకుని ఇన్సులిన్ పనిని అడ్డుకుంటుంది. చక్కెర, రక్తపోటు పెరుగుతాయి. తల్లి కడుపులో తిండి చాలక తక్కువ బరువుతో పుట్టినవాళ్లకు పెద్దయ్యాక ఈ ముప్పు ఎక్కువ. చోడి అంబలి, సామన్నం తగ్గి తెల్లన్నం, బిస్కట్లు, తీపి పానీయాలు పెరిగిన ఇంట్లో సన్నటి చేతులూ ముందుకొచ్చిన పొట్టా ఒకే మనిషిలో కనబడవచ్చు. అందుకే పసిపిల్లల దండచేయి కొలతా, పెద్దవాళ్ల నడుము కొలతా నాకు వేరువేరు కథల్లా అనిపించవు.

ఇక ఎలా కొలవాలి? చీర కుచ్చిళ్ల మీద కాదు, పంచె ముడి మీదా కాదు. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ నడిమధ్య, ఒంటికి ఆనించి, మామూలుగా ఊపిరి వదిలాక చూడాలి. పొట్ట లోపలికి లాగితే లెక్క తప్పు (లాగనివాళ్లు తక్కువే లెండి). ఆడవాళ్లకు 80, మగవాళ్లకు 90 సెంటీమీటర్లు హద్దు.

టేపు లేకపోతే ఓ దారం చాలు. మీ ఎత్తంత దారం తీసుకుని సగానికి మడిచి నడుము చుట్టూ తిప్పండి. రెండు కొసలూ కలవకపోతే పీహెచ్‌సీలో చక్కెర, బీపీ చూపించుకోవాలి.